ఏఈ గారి ఆకుపచ్చ చుక్క

గెడ్డపేట మునిసిపాలిటీ అసిస్టెంట్ ఇంజనీరు నీలాచలం ఎక్కడున్నాడని అడిగితే ఒకప్పుడు ఎవరైనా చెప్పేవారు. సీట్లో లేకపోతే గెడ్డ దగ్గర ఉంటాడు, గెడ్డ దగ్గర లేకపోతే పల్లపు వీధిలో వాళ్ళక్క నూకరత్నం ఇడ్లీ కొట్టు దగ్గర ఉంటాడు. ఈ సమాధానం కోసం ఎవరూ యాప్ తెరవాల్సిన అవసరం ఉండేది కాదు.

గెడ్డపేట వైపు వాగునైనా, ఊరి మురుగంతా మోసే పెద్ద కాలువనైనా గెడ్డ అనే అంటారు. ఊళ్ళో నీళ్ళు గెడ్డలోకి, గెడ్డ సముద్రంలోకి పోవాలి. జనం అందులో కొబ్బరి బోండాలూ, చిరిగిన పరుపులూ, పెళ్ళి భోజనాల ప్లాస్టిక్ గ్లాసులూ పడెయ్యకపోతే పోయేవే. పూడిక తియ్యని ఏడు మొదటి పెద్దవానకే గెడ్డ వెనక్కి తిరిగి పల్లపు వీధిలోకి వచ్చేసేది. నూకరత్నం ఇడ్లీ పాత్రలు మంచమెక్కేవి, మంచం ఇటుకలెక్కేది, నూకరత్నం ఊరందరినీ వదిలేసి తమ్ముడి మీద ఎక్కేది.

"ఇడ్లీలమ్మి నిన్ను ఇంజనీరు సదివించాను. ఎందుకురా? నా ఇంట్లోకొచ్చిన నీళ్ళు ఎన్ని అడుగులో కొలవడానికేటి?"

నీలాచలానికి అక్కే తల్లీ తండ్రీ. పెళ్ళి చేసుకోలేదు, ఆమె ఇంటి మేడ మీద గదిలోనే ఉంటాడు. ఈ ఏడు మాత్రం అక్క ముందు కూర్చుని గట్టిగా మాటిచ్చాడు. "వానలకు ముందే గెడ్డ తీయిస్తానక్కా. నీ గడప తడిస్తే నన్ను ఇంట్లోకి రానివ్వకు."

మాటిచ్చిన మర్నాడే ఆయన్ని నెదర్లాండ్స్ పంపిస్తూ ఉత్తర్వులు వచ్చాయి.

ఆ ఉత్తర్వుల వెనక ఒక కథ ఉంది. అంతకు ముందు ఏడు మురుగునీటి పారుదలను అధ్యయనం చెయ్యడానికి విదేశం వెళ్ళిన అధికారుల బృందం బోలెడు ఫొటోలతో తిరిగి వచ్చింది. ఆ ఫొటోల్లో మురుగూ లేదు, నీరూ లేదు, పారుదలా లేదు. రంగులరాట్నం ఉంది. చాక్లెట్ల దుకాణం ఉంది. ఒక పెద్దాయన మంచుతో చేసిన బొమ్మకు తన కండువా కప్పి పక్కన నిలబడ్డాడు. పేపర్లవాళ్ళు ఆ బొమ్మే బృంద నాయకుడని రాసి నవ్వారు. రాజధానిలో ఉండే డైరెక్టర్ గారికి ఒళ్ళు మండింది. అధికారులను నమ్మకూడదని ఆయన అప్పుడే తీర్మానించుకున్నారు. ఎవరినో ఒకరిని నమ్మక తప్పదు కాబట్టి ఫోన్లను నమ్ముదామనుకున్నారు. వారం తిరక్కుండా సర్క్యులర్ వెలువడింది.

"విదేశీ అధ్యయన యాత్రలలో పారదర్శకతను, జవాబుదారీతనమును పెంపొందించు నిమిత్తము 'యాత్రాసాక్షి' యాప్ ప్రవేశపెట్టడమైనది. ఇకమీదట సదరు అధికారి ఫోను ఎక్కడ ఉండునో సదరు అధికారి అక్కడనే ఉన్నట్లు పరిగణించవలెను. ఇందుకు విరుద్ధమైన ఏ సాక్ష్యమును, ప్రత్యక్ష సాక్ష్యముతో సహా, స్వీకరించరాదు."

డైరెక్టర్ గారి గదిలో ఒక గోడంత తెర పెట్టారు. ఒక్కొక్క అధికారి ఒక్కొక్క ఆకుపచ్చ చుక్క. చుక్క కదిలితే అధికారి కదిలినట్టు, ఆగితే ఆగినట్టు. గంటకొకసారి ఫోను గుర్రుమంటుంది. అప్పుడు అధికారి, చూస్తున్న వస్తువును వెనక పెట్టుకుని, తన ముఖం ఫొటో తీసి పంపాలి. తియ్యకపోతే ఫోను తనంతట తానే తీసి పంపిస్తుంది. ఈ ఏర్పాటు డైరెక్టర్ గారికి ఎంత నచ్చిందంటే, ఆఫీసు హాజరీలూ, పనుల ఆర్డర్లూ కూడా ఇకమీద అందులోంచే అన్నారు. ఏ గెడ్డకు పూడిక తియ్యాలన్నా ఆ గెడ్డ చూసే ఇంజనీరు ఫోను ఆ గెడ్డ ఒడ్డున ఉండి తీరాలి. ఇంట్లో కూర్చుని ఆర్డరు నొక్కుతానంటే కుదరదు.

ఇది మంచి రూలే అని అప్పట్లో నీలాచలం కూడా అనుకున్నాడు.

నెదర్లాండ్స్‌లో ఆయన చూసిందేమిటంటే, ఏమీ లేదు. దేశమంతా వీపుతోనే చూశాడు. సముద్రం కంటే పల్లంలో ఉన్న ఊళ్ళు, ఆ ఊళ్ళ మధ్య అద్దంలాంటి కాలువలు, వాటి నీళ్ళను సముద్రంలోకి తోసే పంపు హౌసులు, అన్నీ ఆయన వెనకే ఉండేవి. ముందు ఫోనూ, ఫోన్లో తన ముఖమూ. తన ముక్కు కొంచెం ఎడమకు వంకరగా ఉంటుందన్న సంగతి ఆయన ఆ యాత్రలోనే కనుక్కున్నాడు. ఇంకో మూడు ఊళ్ళ ఇంజనీర్లు కూడా బృందంలో ఉన్నారు. నలుగురూ వరసగా నిలబడి కాలువకు వీపు చూపించి ఫోన్లు పైకెత్తేవారు. దారినపోయే డచ్చివాళ్ళు ఇదేదో ప్రార్థన అనుకుని మర్యాదగా పక్కకు తప్పుకునేవారు.

వాళ్ళకు అన్నీ చూపించిన ఇంజనీరు మరైకె అనే ఆవిడ. పొడుగాటి మనిషి, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. చివరి రోజు పంపు హౌసులో ఆవిడ అడిగింది, "మీరు వచ్చినప్పటినుంచీ ఎవరూ ఇటు తిరగలేదు. మీకు నీళ్ళంటే భయమా?"

నీలాచలానికి సిగ్గేసింది. ఫోను ఛార్జింగు కూడా అయిపోవస్తోంది, ఆ యాప్ ఛార్జింగును పందిలా తింటుంది. గోడకున్న ప్లగ్గులో ఫోను గుచ్చి, అలమారు మీద వెల్లకిలా పెట్టి, యాత్రలో మొదటిసారి నీళ్ళవైపు తిరిగాడు. ఎంత బాగున్నాయో! అడుగున గులకరాళ్ళు కనిపిస్తున్నాయి. ఆపుకోలేక అడిగాడు, "మేడం, మీ టెక్నాలజీ రహస్యమేమిటండీ?"

"వానలకు ముందే శుభ్రం చేస్తాం" అంది ఆవిడ.

"అది కాదండీ, అసలు రహస్యం."

"అదే. ముందే శుభ్రం చేస్తాం."

మిగతా ముగ్గురూ నిరాశగా మొహాలు చూసుకున్నారు. ఇంత డబ్బు పోసి వచ్చి ఈ మాట రిపోర్టులో ఎలా రాస్తామన్నారు. నీలాచలం ఒక్కడికే ఆ మాట గుండెలో గుచ్చుకుంది. అక్కకిచ్చిన మాట, గెడ్డలో పరుపులు, ముంచుకొస్తున్న వానలు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఇంతలో విమానానికి వేళయిందని బయట వ్యాను హారన్ మోగించింది. ఆ ధ్యాసలోనే వ్యానెక్కాడు, విమానం ఎక్కాడు, విమానం గాల్లోకి లేచాక జేబు తడుముకున్నాడు.

ఫోను పంపు హౌసులో అలమారు మీద, ప్లగ్గులో, నిశ్చింతగా ఛార్జవుతూ ఉంది.

పోతే పోయిందిలే, నేను వచ్చాను కదా అనుకుంటూ మర్నాడు ఆఫీసుకు వెళ్ళాడు పాపం. ఎస్టాబ్లిష్మెంటు చూసే మేనేజరు త్రివేణమ్మ గారికి డ్యూటీలో చేరుతున్నట్టు కాగితం ఇచ్చాడు. రూల్స్ పుస్తకం అంతా ఆవిడ నాలుక మీద ఉంటుంది. ఆవిడ కాగితం చూసింది, కళ్ళజోడు పైకి తోసి కంప్యూటరు చూసింది, కాగితం వెనక్కి తోసేసింది.

"మీరింకా రాలేదు కదండీ" అంది.

"రావడమేమిటండీ, ఎదురుగా ఉన్నాను."

"ఉంటే ఉన్నారు. వచ్చినట్టు లేదు."

ఫోను మర్చిపోయిన సంగతంతా ఆయన చెప్పాడు. ఆవిడ ఓపిగ్గా విని అయ్యో అంది. నిజంగానే బాధపడింది, టీ కూడా తెప్పించింది. "మనిషిగా మీరొచ్చారని నాకు తెలుసండీ. మేనేజరుగా నాకు తెలియదు. సర్క్యులర్లో ప్రత్యక్ష సాక్ష్యం చెల్లదని స్పష్టంగా ఉంది. నేను కళ్ళారా చూశానంటే నా ఉద్యోగం పోతుంది."

"కొత్త ఫోను కొనుక్కుని యాప్ వేసుకుంటానండీ."

"ఫోను మార్చుకోవాలంటే పాత ఫోన్లోంచి దరఖాస్తు పెట్టాలండీ."

ఆయన కమిషనర్ కృపాకరం గారి గదికి వెళ్ళాడు. కమిషనర్ గారు ఎవరినీ నొప్పించని మనిషి. ఎవరు ఏం చెప్పినా సానుభూతితో తలూపుతారు, ఏమీ చెయ్యరు.

"సార్, నా సంగతి తర్వాత. గెడ్డ పూడిక ఆర్డరు ఇవ్వాలి. వానలు దగ్గర పడ్డాయి. ఇంకెవరికైనా ఇన్‌చార్జి ఇవ్వండి" అన్నాడు నీలాచలం.

"ఏఈ సెలవులో ఉంటే ఇన్‌చార్జిని నియమించవచ్చును" అన్నారు కమిషనర్ గారు సర్క్యులర్ భాషలో. "యాత్రలో ఉన్న అధికారి విధి నిర్వహణలో ఉన్నట్లే. విధి నిర్వహణలో ఉన్న అధికారికి ఇన్‌చార్జిని నియమించుట ఆయన్ను అవమానించుట అవుతుంది. నీలాచలం గారు తిరిగి వస్తే చాలా బాధపడతారు."

"నీలాచలాన్ని నేనే సార్!"

"అందుకే మీకు ముందే చెబుతున్నాను."

ఆ మధ్యాహ్నమే డైరెక్టర్ గారి వీడియో సమావేశం. కమిషనర్ గారు నీలాచలాన్ని గోడ వారకు జరగమన్నారు, తెరలో కనిపిస్తే అనధికార వ్యక్తి ఎవరని అడుగుతారని. గోడకు బల్లిలా అతుక్కుని ఆయన తన గురించి తానే విన్నాడు.

"అందరూ వినండి" అన్నారు డైరెక్టర్ గారు. "యాత్ర ముగిసింది. ముగ్గురు చుక్కలు ఇంటి ముఖం పట్టారు. ఒక్క చుక్క మాత్రం పంపు హౌసును విడిచి కదల్లేదు. రాత్రీ లేదు, పగలూ లేదు, భోజనానికి కూడా బయటికి వెళ్ళలేదు. ఆయన పంపిన ఫొటోలు చూడండి."

తెర మీద ఫొటోలు వచ్చాయి. పంపు హౌసు పైకప్పు. మళ్ళీ పైకప్పు. పొద్దుటి వెలుగులో పైకప్పు, సాయంత్రం వెలుగులో పైకప్పు.

"తన ముఖాన్ని కూడా తప్పించేశాడు" అన్నారు డైరెక్టర్ గారు. "స్వార్థమన్నది లేదు. కేవలం అధ్యయనమే. పైకప్పు మీద ఇంత లోతుగా దృష్టి పెట్టిన ఇంజనీరును నా సర్వీసులో చూడలేదు. ఆయన యాత్రను పొడిగిస్తున్నాను. మీరందరూ ఈ గెడ్డపేట నమూనాను అనుసరించండి. చుక్క కదలకూడదు."

అందరూ అనుసరించారు. వారం తిరక్కుండా రాష్ట్రంలో మునిసిపల్ ఉద్యోగులంతా పొద్దున్నే వచ్చి ఫోన్లు బల్లల మీద పెట్టి, ఛార్జింగుకు తగిలించి ఇళ్ళకు వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. హాజరీ నూటికి నూరు అయ్యింది. చరిత్రలో ఎన్నడూ లేని క్రమశిక్షణ అని డైరెక్టర్ గారు మెచ్చుకున్నారు. పనిమీద ఆఫీసుకొచ్చిన జనం ఖాళీ కుర్చీలకూ, గుర్రుమంటున్న ఫోన్లకూ దణ్ణాలు పెట్టి వెళ్ళిపోయేవారు. ఆ దణ్ణాల్లో కొన్ని మనసారా పెట్టినవే, ఎందుకంటే ఫోన్లు ఎవరినీ రేపు రమ్మని కసురుకోలేదు.

పల్లపు వీధిలో మాత్రం నూకరత్నానికి రోజురోజుకీ మండిపోతోంది.

"ఏటిరా, ఎప్పుడు తీయిస్తావు గెడ్డ? మబ్బులు సూడు, సముద్రం మీద ఎలా కాసుక్కూసున్నాయో."

"అక్కా, నేనింకా నెదర్లాండ్స్‌లోనే ఉన్నానట."

నూకరత్నం చట్నీ గరిటె చేత్తో పట్టుకునే తమ్ముడి భుజం గిల్లింది. ఆయన అబ్బా అన్నాడు.

"ఆడనుంటే ఇక్కడ నొప్పెట్టిందేటి? ఎల్లి సెప్పు ఆళ్ళకి."

"నొప్పి ప్రత్యక్ష సాక్ష్యం కిందికొస్తుందక్కా. చెల్లదు."

ఆమె తెల్లబోయి చూసింది. తమ్ముడికి ఏదో అయిందనుకుని ఆ రోజు ఇంకో రెండు ఇడ్లీలు ఎక్కువేసింది.

ఇక లాభం లేదని నీలాచలం అక్క ఫోన్లోంచి మరైకెకు మెయిలు పెట్టాడు. ఆవిడ వెంటనే జవాబిచ్చింది. మీ ఫోనును జాగ్రత్తగా చూసుకుంటున్నాను, రోజూ దుమ్ము తుడుస్తున్నాను, ఛార్జింగు అయిపోకుండా పవర్ బ్యాంకు తగిలించి రేపే కొరియర్లో పంపిస్తాను, మీ గెడ్డ శుభ్రం చేశారా అని. ఆ చివరి ప్రశ్నను దాటేసి ఆయన ధన్యవాదాలు అని మాత్రం రాశాడు.

మర్నాడు రాజధానిలో తెర మీద చుక్క కదిలింది. సముద్రాలు దాటింది. నీలాచలం గారు తిరిగి వస్తున్నారని ఆఫీసంతా గుప్పుమంది. కమిషనర్ గారు పూలదండ తెమ్మని చెప్పారు. నీలాచలం కూడా పొద్దున్నే గడ్డం గీసుకుని గుమ్మంలో నిలబడ్డాడు, తాను రాగానే ఎదురెళ్దామని.

రాలేదు. మన దేశపు విమానాశ్రయంలో దిగి చుక్క అక్కడే ఆగిపోయింది. విదేశం నుంచి వచ్చిన వస్తువు కాబట్టి సుంకం తేలేదాకా గోదాములో ఉంచారు. గోదాము పేరు ఇంగ్లీషు మ్యాపులో నిర్బంధ గది అని అర్థం వచ్చేలా ఉంది. రెండు రోజులు గడిచాయి. మూడో రోజు త్రివేణమ్మ గారు రూల్స్ పుస్తకం చంకన పెట్టుకుని కమిషనర్ గారి గదికి వెళ్ళింది.

బయటికొచ్చి నీలాచలాన్ని పక్కకు పిలిచింది. ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి. "ఏమీ అనుకోకండి. నలభై ఎనిమిది గంటలు మించి నిర్బంధంలో ఉన్న ఉద్యోగి సస్పెండైనట్టే లెక్క. మిమ్మల్ని సస్పెండు చేశాం."

"నన్నా? నేను నిర్బంధంలో ఎక్కడున్నానండీ?"

"అదే ఇంకో ఇబ్బందండీ. సస్పెన్షన్లో ఉన్నవాళ్ళు అనుమతి లేకుండా హెడ్‌క్వార్టర్స్ వదలకూడదు. మీరేమో ఇప్పటికీ ఆ గోదాములోనే ఉన్నారు. దానికి ఇంకో మెమో."

"పోనీ సస్పెండు చేశారు కదా, ఇప్పుడైనా ఇన్‌చార్జిని వెయ్యండి. గెడ్డ..."

"ఉత్తర్వు ముట్టినట్టు మీరు మీ ఫోన్లో నొక్కాలండీ. అప్పుడు వేస్తాం."

తలప్రాణం తోకకొచ్చింది ఆయనకు. ఇంటికి పోయి అక్క ముఖం చూడలేక మెట్ల కిందే కూర్చున్నాడు. ఇంత చదువూ, ఇంత సర్వీసూ, ఒక గెడ్డలోంచి ఒక పరుపు పైకి తియ్యడానికి పనికిరాకుండా పోయాయని ఏడుపొచ్చింది. అప్పుడే చినుకు పడింది.

చినుకు కాస్తా వానైంది. సాయంత్రానికి ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురవసాగింది. గెడ్డ ఒకసారి గురగురమని, ఎప్పటిలాగే వెనక్కి తిరిగింది. పల్లపు వీధి మొదట్లో నల్లటి నీళ్ళు కనిపించాయి. నూకరత్నం అలవాటు ప్రకారం ఇడ్లీ పాత్రలు మంచమెక్కిస్తోంది. తమ్ముడి వైపు చూడలేదు, ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే ఆయన తట్టుకునేవాడు.

నీలాచలం లేచాడు. లుంగీ పైకి కట్టాడు. ఇంటి వెనక పడున్న గునపం తీసుకున్నాడు.

"ఎక్కడికిరా?" అంది నూకరత్నం.

"ఎక్కడికీ లేదక్కా. నేను ఊళ్ళోనే లేను కదా. లేనివాణ్ణి ఎవరేమంటారు?"

వీధి వీధంతా ఆయన వెనక వెళ్ళింది. పారలు, గునపాలు, గడ్డపలుగులు, ఏది దొరికితే అది. కల్వర్టు నోటి దగ్గర నడుంలోతు బురదలో దిగి నీలాచలం పరుపులు లాగాడు, బోండాలు తోడాడు, ఎవరో పారేసిన మంచం కోడు పీకాడు. ఏదో పురుగు కుట్టి ఎడమ చెంప భగ్గుమన్నా ఆగలేదు. కల్వర్టులో ఇరుక్కున్న చివరి పరుపు ఊడి వచ్చేసరికి గెడ్డ ఒక్కసారి పెద్ద శబ్దం చేసి సముద్రం దారి పట్టింది. పల్లపు వీధిలోకి వచ్చిన నీళ్ళు నూకరత్నం గడపకు జానెడు దూరంలో ఆగి, వెనక్కి పోయాయి. నీలాచలం ఒడ్డున చతికిలబడి చిన్నపిల్లాడిలా నవ్వాడు. తన జీవితంలో ఇంజనీరుగా పనిచేసింది ఆ రోజే అనిపించింది.

మర్నాడు డైరెక్టర్ గారి వీడియో సమావేశంలో ఒకటే ప్రశ్న. చుట్టుపక్కల ఊళ్ళన్నీ మునిగాయి, గెడ్డపేట ఎందుకు మునగలేదు? కమిషనర్ గారు మనసులో లెక్కలు వేసుకున్నారు. ఆర్డరు లేకుండా ఎవరో ప్రభుత్వ పూడికను తీసేశారని చెబితే మెమో వస్తుంది. తాము తీయించామని చెబితే ఆర్డరేదంటారు. చివరకు, "నెదర్లాండ్స్ పరిజ్ఞానం సార్" అన్నారు.

"నేను అనుకున్నాను!" అని డైరెక్టర్ గారు కుర్చీలోంచి లేచిపోయారు. "నిర్బంధంలో ఉండి కూడా ఆ మహానుభావుడు ఊరిని కాపాడాడు. దూరం నుంచే గెడ్డను నడిపించాడు. ఇది చూశాకైనా మన దేశానికి సిగ్గు రావాలి. సస్పెన్షన్ ఎత్తేయండి. సుంకం మనమే కడదాం. ఆయన రాగానే సన్మానం చెయ్యండి, నేనూ చూస్తాను."

ఆ పక్కనే ఇంకో పని కూడా జరిగింది. అనుమతి లేకుండా ప్రభుత్వ పూడికను కదిపిన గుర్తు తెలియని వ్యక్తి మీద మునిసిపాలిటీ పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది. రూలు రూలే కదా.

సన్మానం రోజున ఆఫీసు వరండాలో వేదిక కట్టారు. మధ్యలో ఎర్ర గుడ్డ పరచిన కుర్చీ. కొరియరతను తెచ్చిన పెట్టెను కమిషనర్ గారే స్వయంగా విప్పి, ఫోనును కుర్చీ మీద కూర్చోబెట్టి, పూలదండ వేశారు. దండ బరువుకు ఫోను పడిపోతే త్రివేణమ్మ గారు దిండు ఆసరా పెట్టింది. శాలువా కప్పారు. ఎదురుగా పెట్టిన కెమెరా అంతా చూస్తోంది, పక్కనే తెరలో డైరెక్టర్ గారు చప్పట్లు కొడుతున్నారు. నీలాచలం చిట్టచివరి వరసలో నిలబడ్డాడు. పక్కన నూకరత్నం, అతిథులకు ఇడ్లీలు తెచ్చిన గిన్నెతో. ఫిర్యాదు సంగతి చూడ్డానికొచ్చిన ఎస్సై కూడా ఉన్నాడు.

"ఇప్పుడు యాత్ర ముగించవలెను" అన్నారు కమిషనర్ గారు. "అందుకు అధికారి ముఖం ఒక్కసారి చూపించాలి. నీలాచలం గారూ, రండి రండి."

అన్నాళ్ళకు ఆ ఆఫీసులో ఎవరో ఆయన్ని పేరుతో పిలిచారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. గబగబా వెళ్ళి ఫోను ముందు ముఖం పెట్టాడు.

పురుగు కుట్టిన ఎడమ చెంప బూరెలా వాచి ఉంది. కన్ను సగం మూసుకుపోయింది. ముక్కు ఇప్పుడు కుడికి వంకరగా కనిపిస్తోంది. ఫోను కాసేపు ఆలోచించి, "ముఖం సరిపోలలేదు" అంది. ఇంకోసారి పెట్టాడు. సరిపోలలేదు. ఇంకోసారి పెట్టాడు. "అధికారి అందుబాటులో లేరు. యాత్ర కొనసాగుతోంది" అని చెప్పి యాత్ర ముగించే మీటకు శాశ్వతంగా తాళం వేసేసింది.

కమిషనర్ గారు పెద్ద బరువు దిగినట్టు నిట్టూర్చారు. "నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను, ఆయన ఇంకా రాలేదని."

"మరితనెవరు?" అన్నారు తెరలోంచి డైరెక్టర్ గారు.

"ముఖం సరిపోలలేదంటే గుర్తు తెలియని వ్యక్తేగా" అన్నాడు ఎస్సై ఉత్సాహంగా. "నాకూ ఒక గుర్తు తెలియని వ్యక్తే కావాలి. బురదలో దిగింది ఇతనే కదూ? ఏమ్మా, నువ్వు ఆ వీధి దానివే కదా. ఇతను నీకు తెలుసా?"

నూకరత్నం తమ్ముడి వైపు చూసింది. నీలాచలమని చెబితే విదేశంలోనూ, నిర్బంధంలోనూ, గెడ్డలోనూ ఒకేసారి ఉన్నందుకు మోసం కేసు పెడతారు. ఎవరో తెలియదంటే పూడిక కేసు పెడతారు. ఆమెకు కోపం తన్నుకొచ్చింది. గిన్నె ఠపీమని కింద పెట్టింది.

"ఇతని పేరు మీరే సెప్పాల. ఆ పేరు తీసుకెల్లి ఆ పెట్టెలో పెట్టింది మీరే కదేటి. నాకు తెలిసింది ఒకటే. ఈడు మా గెడ్డ తీసినోడు."

వెనక నిలబడ్డ పల్లపు వీధి జనం అంతా "అవును, మా గెడ్డ తీసినోడే" అని అరిచారు. ఎస్సై ఒకడుగు వెనక్కి వేశాడు. కెమెరా ముందు గొడవవుతుందని కమిషనర్ గారి ముఖం పాలిపోయింది. అప్పుడు త్రివేణమ్మ గారు ముందుకొచ్చింది. ఆవిడ చంకలో రూల్స్ పుస్తకం ఉంది.

"సార్, మన మనిషి మన పూడిక తీస్తే కేసుండదు. ఇతన్ని వెనకటి తేదీ నుంచి ఔట్‌సోర్సింగ్‌లో తీసేసుకుందాం. ఏఈ గారు చేతులూ కాళ్ళూ లేకుండా ఫీల్డుకు ఎలా వెళ్తారు? సదరు ఏఈ గారిని మోసే మనిషి కావాలి. ఔట్‌సోర్సింగ్ వాళ్ళకు ముఖం చూపించే యాప్ లేదు."

డైరెక్టర్ గారు అక్కడికక్కడే ఆమోదించారు. పోస్టు పేరు ఆయనే పెట్టారు, 'సాంకేతిక వాహకుడు' అని.

ఆ విధంగా నీలాచలం తనకు తానే కింది ఉద్యోగి అయ్యాడు. ఏఈ గారి కుర్చీలో ఏఈ గారు ఛార్జవుతూ ఉంటారు, పక్కన స్టూలు మీద ఈయన కూర్చుంటాడు. ఏఈ జీతం పాత ఖాతాలోనే పడుతోంది, బ్యాంకువాళ్ళకు ఇంకా సర్క్యులర్ అందినట్టు లేదు. చెంప వాపు తగ్గాక ఒకసారి ఫోను ముందు ముఖం పెట్టి చూశాడు. అది చలించలేదు. కానీ మెల్లగా ఒక సంగతి కనిపెట్టాడు. యాత్ర ముగించడానికే ముఖం కావాలి. పనుల ఆర్డరుకు ముఖం అక్కర్లేదు, ఫోను గెడ్డ ఒడ్డున ఉంటే చాలు. రోజూ పొద్దున్నే ఏఈ గారిని జేబులో వేసుకుని గెడ్డలన్నీ తిప్పుతాడు. ఎక్కడ పూడిక ఉంటే అక్కడ ఒడ్డున పెట్టి ఆర్డరు నొక్కుతాడు. రాజధానిలో తెర మీద గెడ్డపేట చుక్క మురుగు వెంట పరుగులు తీస్తూ ఉంటుంది. గోడంత తెరలో తిరిగే చుక్క అదొక్కటే. మిగతావన్నీ నమూనా ప్రకారం బల్లల మీదే ఉన్నాయి.

మరుసటి ఏడు వానలకు ముందు డైరెక్టర్ గారు ఏఈ నీలాచలం గారిని మళ్ళీ విదేశీ యాత్రకు ఎంపిక చేశారు. కొరియర్లో పంపితే ఖర్చు కలిసొస్తుందని ఆర్థిక శాఖ సూచించింది. వాహకుడు వెంట వెళ్ళడానికి నిబంధనల్లో వీల్లేదు. కొరియరతను వచ్చే రోజు నీలాచలం తెల్లవారకుండానే ఫోను పట్టుకుని ఊరి గెడ్డలన్నిటి ఒడ్డునా నిలబెట్టి, అన్ని ఆర్డర్లూ నొక్కేసి, ఆ తర్వాతే పెట్టెలో పెట్టి సీలు వేశాడు.

సాయంత్రం ఇడ్లీ కొట్టు దగ్గర నూకరత్నం అడిగింది, "మీ ఏఈ ఎల్లిపోనాడా?"

"వెళ్ళిపోయాడక్కా."

"నువ్వుంటావు కదేటి?"

"ఉంటాను."

ఆమె ఇంకో ఇడ్లీ వేసి, గెడ్డ వైపు ఒకసారి చూసి, తృప్తిగా చట్నీ గరిటె అందుకుంది. సముద్రం మీద మబ్బులు కమ్ముకుంటున్నాయి, కల్వర్టు దగ్గర పూడిక తీసే పారల చప్పుడు వినిపిస్తోంది. నీలాచలం ఉన్నాడని ఆఫీసుకు ఇప్పటికీ తెలియదు. తెలిస్తే ఆయన్ని కూడా పంపించేసేవాళ్ళు.